ఫోన్‌లో బీపీ యాప్: పనికొచ్చేది ఎక్కడ, రానిది ఎక్కడ

సంక్షిప్తంగా: బీపీ యాప్ అనే ఒకే పేరు కింద నాలుగైదు రకాల పనిముట్లు చెలామణిలో ఉన్నాయి. ఫోన్ కెమెరాతోనే బీపీ కొలుస్తామనే వాటిని నమ్మి చికిత్స నడపడానికి వీల్లేదు. మాత్ర గుర్తుచేసే యాప్‌లు, రీడింగులు దాచిపెట్టే యాప్‌లు వాటంతట అవి బీపీని పెద్దగా దించలేదని ట్రయల్స్ చెబుతున్నాయి. ఇంట్లో తీసిన రీడింగును ఎవరో ఒకరు చూసి, దాన్ని బట్టి మందు మార్చే ఏర్పాటు ఉన్నచోట మాత్రం అంకె దిగింది.

అధిక రక్తపోటుకు మందులు దశాబ్దాలుగా ఉన్నాయి. కొలిచే పద్ధతి అంతకంటే పాతది. చేతికి పట్టీ చుట్టి గాలి నింపే పరికరాన్ని ఇటలీ వైద్యుడు రివా-రొచ్చి 1896లో ప్రకటించారు. పట్టీ కింద స్టెతస్కోప్ ఆనించి శబ్దాలు వినే పద్ధతిని రష్యా వైద్యుడు కొరొట్కోవ్ 1905లో చెప్పారు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెల్లడించిన లెక్క ప్రకారం 30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువారిలో సుమారు 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. వారిలో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదు. బీపీ అదుపులో ఉన్నది ఐదుగురిలో ఒకరికే. మందూ ఉంది, కొలతా ఉంది, ఆ రెండింటి మధ్యే ఎక్కడో తెగిపోతోంది. తెగిన ఆ చోట ఫోన్ ముడి వేస్తుందన్న ఆశ మీదే బీపీ యాప్‌లన్నీ నిలబడ్డాయి.

ఈ మధ్య గందరగోళం పెరగడానికి కారణం కూడా ఉంది. 2025 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) యాపిల్ వాచ్‌లో అధిక రక్తపోటు గురించి హెచ్చరించే సదుపాయానికి అనుమతి ఇచ్చింది. బీపీ కొలుస్తామంటూ అనుమతి లేకుండా అమ్ముడవుతున్న పరికరాలను వాడొద్దని అదే నెలలో ప్రజలను హెచ్చరించింది. గడియారంతో బీపీ తెలుస్తుందా, తెలియదా అన్న ప్రశ్నకు ఒకే నెలలో రెండు జవాబులు వచ్చినట్టు కనిపించింది. నిజానికి ఆ రెండూ వేర్వేరు విషయాల గురించి.

ఒకే పేరు, వేర్వేరు పనులు

యాప్ స్టోర్‌లో బీపీ అని వెతికితే వచ్చేవన్నీ పైకి ఒకేలా ఉంటాయి: ఒక గుండె బొమ్మ, రెండు అంకెలు, ఒక గ్రాఫు. లోపల చేసే పని వేరు. కొన్ని స్వయంగా కొలుస్తామంటాయి. కొన్ని వేరే బీపీ మెషిన్‌లో వచ్చిన రీడింగును దాచిపెట్టే పుస్తకం లాంటివి. ఆ రీడింగును మనం టైప్ చేయాలి, లేదా బ్లూటూత్ ద్వారా మెషిన్ నుంచే నేరుగా వస్తుంది. కొన్ని మాత్ర వేళకు గంట కొడతాయి. కొన్ని ఉప్పు, బరువు, నడక గురించి రోజూ సలహాలిస్తాయి. మరికొన్ని రీడింగులను ఆస్పత్రికో క్లినిక్‌కో చేరవేసి, అక్కడి సిబ్బంది వాటిని చూసే వీలు కల్పిస్తాయి.

ఈ తేడా పట్టించుకోకుండా 'యాప్‌లు పనిచేస్తాయా' అని అడిగితే అర్థవంతమైన జవాబు దొరకదు. పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించడానికి సగం కారణం ఇదే.

కెమెరా మీద వేలు పెడితే బీపీ తెలుస్తుందా

ఫోన్ ఫ్లాష్ వెలుగు వేలి చర్మంలోకి వెళ్తుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలిలో రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది. తిరిగి వచ్చే వెలుగు కూడా దానితోపాటు మారుతుంది. ఈ మార్పును లెక్కపెడితే నాడి వేగం బాగానే తెలుస్తుంది. బీపీ మాత్రం అందులో నేరుగా ఉండదు. రక్తనాళపు గోడ మీద ఎంత ఒత్తిడి ఉందో వెలుగు చెప్పదు. అల ఆకారాన్ని బట్టి, వయసు, బరువు వంటి వివరాలను బట్టి ఒక అంచనా కట్టాల్సిందే. ఆ అంచనా చాలామందిలో సాధారణ బీపీకి దగ్గరగా తేలుతుంది. చిక్కంతా అక్కడే. బీపీ మామూలుగా ఉన్నవారికి యాప్ సరిగ్గా చెప్పినట్టే ఉంటుంది, ఎక్కువగా ఉన్నవారికి కూడా మామూలుగానే ఉందని చెబుతుంది.

ఇది ఊహ కాదు. ఇన్‌స్టంట్ బ్లడ్ ప్రెషర్ అనే యాప్ 2014 జూన్ నుంచి 2015 జూలై దాకా ఐఫోన్‌లకు అమ్ముడైంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 85 మంది మీద దాన్ని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. నిజంగా అధిక బీపీ ఉన్నవారిలో దాదాపు 78 శాతం మందికి బీపీ ఎక్కువేమీ లేదని ఆ యాప్ చూపించింది. అదే ఏడాది చివర వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ యాప్ కంపెనీ ప్రచారాన్ని తప్పుబట్టింది, వ్యవహారం రాజీతో ముగిసింది. ఆ యాప్ స్టోర్ నుంచి వెళ్లిపోయినా, కెమెరా మీద వేలు పెట్టమనే కొత్త పేర్లు వస్తూనే ఉన్నాయి. వీటిలో చాలావాటి వివరణలో కింద ఎక్కడో 'వినోదం కోసం మాత్రమే' అన్న వాక్యం ఉంటుంది. పైన మాత్రం ఆస్పత్రి గ్రాఫులాంటి బొమ్మ ఉంటుంది.

గడియారం చెప్పేది, చెప్పనిది

చేతి గడియారాలు కూడా అదే వెలుగు పద్ధతినే వాడతాయి, కానీ రెండు దారుల్లో. మొదటి దారిలో గడియారం బీపీ అంకెనే చూపిస్తుంది. శాంసంగ్ గడియారాలకు దక్షిణ కొరియాలో 2020లో ఇలాంటి అనుమతి వచ్చింది. అయితే వాడేవారు ముందుగా మామూలు పట్టీ మెషిన్‌తో బీపీ చూసుకుని ఆ అంకెలను గడియారానికి ఇవ్వాలి. నాలుగు వారాలకోసారి మళ్లీ అదే పని చేయాలి. అంటే పట్టీ నుంచి విముక్తి ఏమీ లేదు, పట్టీ చెప్పిన అంకె చుట్టూ గడియారం అంచనాలు వేస్తుంది. కొత్త మాత్ర మొదలుపెట్టాక బీపీ నిజంగా తగ్గితే ఆ తగ్గుదలను ఇవి ఎంతవరకు పట్టుకుంటాయన్నది ఇంకా గట్టిగా తేలని ప్రశ్న. రోగ నిర్ధారణకు గానీ, మందు నిర్ణయాలకు గానీ పట్టీ లేని పరికరాలను వాడొద్దని యూరోపియన్ హైపర్‌టెన్షన్ సొసైటీ చెప్పడానికి కారణం ఇదే.

యాపిల్ రెండో దారి పట్టింది. అది అంకె చూపించదు. 30 రోజుల పాటు నాడి అలలను గమనించి, అధిక రక్తపోటు ఆనవాళ్లు కనిపిస్తే ఒక హెచ్చరిక ఇస్తుంది. కంపెనీ చేసిన పరీక్షలో బీపీ ఉన్నవారిలో సుమారు 41 శాతం మందినే ఇది పట్టుకుంది. బీపీ లేనివారిలో సుమారు 92 శాతం మంది విషయంలో మౌనంగా ఉంది.

ఈ అంకెలను ఒక వెయ్యి మందికి వర్తింపజేసి చూస్తే సంగతి తేటపడుతుంది. వారిలో 300 మందికి అధిక బీపీ ఉందనుకుంటే 120 మందికి పైగా హెచ్చరిక వస్తుంది, దాదాపు 180 మందికి రాదు. బీపీ లేని 700 మందిలో యాభై అరవై మందికి అనవసరంగా వస్తుంది. హెచ్చరిక వచ్చినవారు మెషిన్‌తో సరిచూసుకుంటే లాభమే, తమకు బీపీ ఉందని తెలియనివారిలో కొందరు బయటపడతారు. హెచ్చరిక రాలేదు కాబట్టి బీపీ లేదనుకుంటే మాత్రం నష్టం. ఇక ఇప్పటికే బీపీకి మందు వాడుతున్నవారికి ఈ సదుపాయంతో పని లేదు. వారి కోసం అది తయారు కాలేదు.

అన్నిటికీ మూలం పట్టీ

ఎంత గొప్ప యాప్ అయినా దానిలోకి చేరే రీడింగు తప్పయితే చేయగలిగింది లేదు. ఇంట్లో వాడే ఆటోమేటిక్ మెషిన్ శబ్దాలు వినదు. పట్టీలో గాలి తగ్గుతున్నప్పుడు ధమని కదలికల వల్ల పట్టీలో పుట్టే చిన్న చిన్న కంపనాలను గమనిస్తుంది. కంపనం గరిష్ఠంగా ఉన్న చోట సగటు పీడనం ఉంటుంది. పై అంకె, కింది అంకె రెండూ ఆ కంపనాల నుంచి సూత్రంతో రాబట్టినవే. ఆ సూత్రం ఒక్కో కంపెనీకి ఒక్కోటి, బయటకు చెప్పరు. అందుకే మెషిన్‌ను స్వతంత్రంగా పరీక్షించారా లేదా అన్నది ముఖ్యమవుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 85 మంది మీద పరీక్షించాలి, అసలు బీపీకి మెషిన్ చూపిన దానికి సగటు తేడా 5 మిల్లీమీటర్ల పాదరసం మించకూడదు. (ఇకపై వాడుకలో ఉన్నట్టే పాయింట్లు అనుకుందాం.) అలా నెగ్గిన మోడళ్ల జాబితాను స్ట్రైడ్ బీపీ వంటి సంస్థలు ఉంచుతున్నాయి. గుండె లయ తప్పేవారిలో, గర్భిణుల్లో కంపనాల తీరు వేరుగా ఉంటుంది కాబట్టి వారికి విడిగా పరీక్షించిన మోడల్ అవసరమవుతుంది, లయ తప్పేవారికైతే ఒక్క రీడింగు అసలు చాలదు.

పట్టీ సైజు విషయం ఇంకా సూటిగా ఉంటుంది. పెద్ద చేతికి మామూలు సైజు పట్టీ చుట్టితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. 2023లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, అతిపెద్ద పట్టీ కావాల్సినవారికి మామూలు పట్టీ వాడినప్పుడు పై అంకె సగటున దాదాపు 20 పాయింట్లు ఎక్కువ వచ్చింది. ఒక మాత్ర అనవసరంగా కలపడానికి అంత తేడా చాలు.

చేతి ఎత్తు కూడా అంతే. పట్టీ గుండె కంటే పది సెంటీమీటర్లు కింద ఉంటే, ఆ మేరకు రక్తం బరువు తోడై అంకె ఏడెనిమిది పాయింట్లు పెరుగుతుంది. చేతిని ఒళ్లో పెట్టుకుంటే పై అంకె సుమారు 4, పక్కకు వేలాడేస్తే 6 పాయింట్లకు పైగా ఎక్కువ వస్తుందని 2024లో జాన్స్ హాప్కిన్స్ బృందం కొలిచి చూపించింది. మాట్లాడుతూ కొలిచినా, కాలు మీద కాలు వేసుకున్నా, మూత్రం ఆపుకుని కూర్చున్నా పెరుగుదలే. తప్పులు ఎక్కువగా పెంచే వైపే పనిచేస్తాయన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

ఇక్కడ యాప్ చేయగల మేలు చిన్నదే అయినా నిజమైనది. కొలిచే ముందు ఐదు నిమిషాల విశ్రాంతికి టైమర్ పెట్టడం, రెండు రీడింగుల మధ్య ఒక నిమిషం ఆగమనడం, సగటు తీయడం. యూరప్ మార్గదర్శకాలు వారం రోజుల పాటు ఉదయం రెండు, సాయంత్రం రెండు రీడింగులు తీసి, మొదటి రోజువి వదిలేసి, మిగిలినవాటి సగటు చూడమంటాయి. మొత్తం 28 రీడింగుల్లో నాలుగు పోగా మిగిలిన 24 రీడింగుల సగటన్నమాట. కాగితం మీద ఈ లెక్క వేసేవారు తక్కువ. చాలా యాప్‌లు ఈ పని చేయవు, అన్ని రోజులవీ కలిపి ఒక గీత గీస్తాయి, చివరి రీడింగును పెద్ద అక్షరాల్లో చూపిస్తాయి. చూసేవారి కన్ను ఆ పెద్ద అంకె మీదే నిలుస్తుంది. ఒక్కో రీడింగు రోజులో పది పదిహేను పాయింట్లు అటూ ఇటూ ఊగడం మామూలే అన్న సంగతి మరుగున పడుతుంది.

రంగుల సంగతీ ఉంది. ఒకరి బీపీ 132/82 అనుకుందాం. 2017 నాటి అమెరికా మార్గదర్శకం ప్రకారం 130/80 దాటింది కాబట్టి అది అధిక రక్తపోటే. యూరప్ కొలబద్ద ప్రకారం ఇంట్లో తీసిన రీడింగుకు హద్దు 135/85, కాబట్టి కాదు. 2024లో యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ తెచ్చిన కొత్త వర్గీకరణలో అది 'కాస్త పెరిగిన' తరగతిలో పడుతుంది. అదే అంకెను ఒక యాప్ ఎరుపులో, ఒకటి ఆకుపచ్చలో, ఇంకొకటి పసుపులో చూపిస్తే ఏదీ తప్పు చెప్పినట్టు కాదు. ఏ కొలబద్ద వాడుతున్నారో చెప్పకపోవడం మాత్రం తప్పే. క్లినిక్‌లో తీసే రీడింగు హద్దునే (140/90) ఇంటి రీడింగులకూ వాడే యాప్‌లు కొందరికి లేని ధీమా ఇస్తాయి.

ట్రయల్స్‌లో తేలింది

మాత్ర గుర్తుచేసే యాప్ మీద జరిగిన పరీక్షల్లో మెడిసేఫ్-బీపీ ట్రయల్ (2018) తరచూ ప్రస్తావనకు వస్తుంది. బీపీ అదుపులో లేని 411 మందిలో సగం మందికి యాప్ ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా 12 వారాలు చూశారు. యాప్ వాడినవారు మాత్రలు కాస్త క్రమంగా వేసుకుంటున్నామని చెప్పారు. పై అంకె వారిలో 10.6 పాయింట్లు తగ్గింది. యాప్ లేనివారిలో 10.1 తగ్గింది.

ఫోన్‌కు అనుసంధానమయ్యే మెషిన్ మామూలు మెషిన్ కంటే మెరుగా అన్నది 2022లో వెలువడిన బీపీ హోమ్ ట్రయల్ ప్రశ్న. రెండువేలకు పైగా మందిలో ఒక వర్గానికి బ్లూటూత్ మెషిన్, యాప్ రెండూ ఇచ్చారు. మరో వర్గానికి మెషిన్ మాత్రమే. ఆరు నెలలకు ఒక వర్గంలో తగ్గుదల 10.8, ఇంకో వర్గంలో 10.6.

ఈ రెండు ఫలితాల్లోనూ ఆసక్తికరమైనది తేడా లేకపోవడం కాదు, రెండు వైపులా పది పాయింట్లు తగ్గడం. బీపీ ఎక్కువగా ఉన్న రోజునే ఎవరైనా ట్రయల్‌లో చేరతారు. యాప్ దించుకునేదీ అప్పుడే. రోజురోజుకూ ఊగే అంకె ఆ రోజు పై అంచున ఉంటుంది, తర్వాత ఏమీ చేయకపోయినా సగటు వైపు జారుతుంది. దానికి తోడు ట్రయల్‌లో ఉన్నామన్న ధ్యాస, డాక్టరును కలవడం, ఆ మధ్యలో మందు మారడం. యాప్ స్టోర్‌లో 'వాడిన నెలకే పది పాయింట్లు తగ్గింది' అని రాసేవారు అబద్ధం చెప్పడం లేదు. యాప్ వాడకపోతే ఎంత తగ్గేదో వారికి తెలిసే వీలు లేదు, అంతే.

మరోవైపు బ్రిటన్‌లో టాస్మిన్-హెచ్4 ట్రయల్ (2018) 142 క్లినిక్‌లలో 1,182 మందితో జరిగింది. ఇంట్లో తీసిన రీడింగులను బట్టి డాక్టర్లు మందు సర్దారు. ఏడాదికి, మామూలు చికిత్స పొందినవారి పై అంకె సగటు 140.4. ఇంటి రీడింగులను కాగితం మీద పంపినవారిది 137. ఎస్ఎంఎస్ ద్వారా పంపినవారిది 136. హోమ్ బీపీ అనే మరో బ్రిటిష్ ట్రయల్‌లో (2021; పైన చెప్పిన బీపీ హోమ్ వేరు) వెబ్ ఆధారిత కార్యక్రమం వాడినవారికి, మామూలు చికిత్స పొందినవారికి మధ్య తేడా 3.4 పాయింట్లు.

మూడు నాలుగు పాయింట్లు చిన్నవిగా కనిపించొచ్చు. పై అంకెను 5 పాయింట్లు తగ్గిస్తే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు సుమారు పదో వంతు తగ్గుతాయని 48 ట్రయల్స్ సమాచారాన్ని కలిపి 2021లో లెక్కగట్టారు. లక్షల మందికి వర్తించినప్పుడు అది పెద్ద మార్పే. టాస్మిన్‌లో ఎస్ఎంఎస్‌కు, కాగితానికి మధ్య తేడా ఒక్క పాయింటు మాత్రమే అన్నది కూడా అంతే గమనించదగ్గది. మేలులో ఎక్కువ భాగం రీడింగు ఎలా చేరిందన్నదాని వల్ల రాలేదు, చేరినందువల్ల వచ్చింది.

తేడా తెచ్చేది మందు మార్పు

ఇలాంటి పాతిక ట్రయల్స్‌ను కలిపి 2017లో చేసిన విశ్లేషణ ఈ చిక్కుముడిని విప్పింది. సొంతంగా బీపీ చూసుకోవడం ఒక్కటే అయితే ఏడాదికి తగ్గుదల ఒక పాయింటు, అది కూడా నమ్మదగ్గంత కాదు. దానికి సిబ్బంది నుంచి గట్టి తోడ్పాటు కలిస్తే తగ్గుదల 6.1 పాయింట్లు.

ఎందుకిలా జరుగుతుందన్నది క్లినిక్‌లో ఏం జరుగుతుందో చూస్తే అర్థమవుతుంది. బీపీ 148 ఉన్న వ్యక్తి డాక్టరు ముందు కూర్చుంటారు. 'ఇవాళ హడావుడిగా వచ్చాను, రాత్రి నిద్ర లేదు' అంటారు. డాక్టరుకూ ఒక్క రీడింగు మీద నమ్మకం ఉండదు. వచ్చేసారి చూద్దాం అంటారు. వచ్చేసారి అంటే మూడు నెలలు. మందు పెంచాల్సి ఉండీ పెంచకుండా వాయిదా పడే ఈ జడత్వం బీపీ అదుపు తప్పడానికి పెద్ద కారణాల్లో ఒకటని వైద్య పరిశోధన చాలాకాలంగా చెబుతోంది. రోగి అలసత్వం కంటే ఇది తక్కువగా చర్చకు వస్తుంది, బహుశా యాప్ అమ్మేది రోగికే కాబట్టి.

వారం రోజుల ఇంటి సగటు ముందుంటే ఆ సంభాషణ మారుతుంది. 24 రీడింగుల సగటు 146 అంటే హడావుడి, నిద్ర లేమి వంటి సాకులు నిలవవు. అదే సగటు 128 అయితే డాక్టరును చూసినప్పుడే పెరిగే బీపీ అని తెలిసి అనవసరపు మాత్ర తప్పుతుంది. హోమ్ బీపీ ట్రయల్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. రీడింగులు హద్దు దాటుతూ ఉంటే తర్వాత ఏ మందు, ఎంత డోసు అన్నది డాక్టరు ముందే రాసిపెట్టారు. నిర్ణయం అప్పటికే అయిపోయింది, రీడింగు దాన్ని అమలులోకి తెస్తుంది.

ఇంకా పెద్ద తేడా అమెరికాలో హైపర్‌లింక్ ట్రయల్‌లో (2013) కనిపించింది. 450 మందిలో ఒక వర్గం ఇంటి నుంచి రీడింగులు పంపితే ఫార్మసిస్టులు ఫోన్ చేసి మందులు సర్దారు. మామూలు చికిత్స పొందినవారితో పోలిస్తే ఆరు నెలలకు తేడా 10.7 పాయింట్లు, ఏడాదికి 9.7. ఏడాదికి ఫార్మసిస్టుల ఫోన్లు ఆగాయి. పద్దెనిమిది నెలలకు తేడా 6.6కు పడిపోయింది, నాలుగున్నరేళ్లకు చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. మెషిన్ ఇంట్లోనే ఉన్నా, అవతల మనిషి లేకపోయాక లాభం కరిగిపోయింది.

ఆహారం, ఉప్పు, బరువు మీద పనిచేసే యాప్‌ల విషయంలో జపాన్ అనుభవం కాస్త భిన్నం. అక్కడ క్యూర్‌యాప్ అనే సంస్థ తయారుచేసిన యాప్‌ను మందులు వాడని 390 మందిలో పరీక్షించారు. 24 గంటల బీపీ కొలతలో యాప్ వాడినవారికి, వాడనివారికి మధ్య తేడా 2.4 పాయింట్లు. 2022లో దానికి ప్రభుత్వ అనుమతి, బీమా వర్తింపు రెండూ దక్కాయి. ఆ యాప్‌ను ఎవరికి వారు దించుకోలేరు, డాక్టరు రాసివ్వాలి. మాత్ర ఇచ్చే తగ్గుదలతో పోలిస్తే ఇది చిన్నదే.

యాప్ రోగి చేతిలోనే ఉండాలని కూడా లేదు. భారత్‌లో 2017లో మొదలైన అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలోనూ, బంగ్లాదేశ్, ఇథియోపియాల్లోనూ వాడుతున్న 'సింపుల్' యాప్ ఆరోగ్య కార్యకర్తల ఫోన్‌లో ఉంటుంది. రోగి చీటీ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి బీపీ, మందులు నమోదు చేస్తారు. రావాల్సిన తేదీ దాటినా రానివారి జాబితాను యాప్ చూపిస్తుంది, వారికి ఫోన్ చేయడమే తర్వాతి పని. రోగికి స్మార్ట్‌ఫోన్ ఉండనక్కర్లేదు, చదువు రానక్కర్లేదు. స్క్రీన్ మీద ఆకర్షణ ఏమీ లేని ఈ యాప్ తెగిన దారాన్ని సరిగ్గా ఎక్కడ పట్టుకోవాలో అక్కడ పట్టుకుంది. రీడింగు తీసేదీ, దాన్ని చూసేదీ, మందు ఇచ్చేదీ ఒకే చోట.

వాడకం ఆగిపోవడం, రీడింగులు దాచడం, డేటా జారిపోవడం

ఆన్‌లైన్ ఆరోగ్య కార్యక్రమాలన్నిటిలోనూ వాడేవారు క్రమంగా జారిపోతారని డిజిటల్ ఆరోగ్య పరిశోధకుడు గుంథర్ ఐసెన్‌బాఖ్ 2005లోనే ప్రతిపాదించారు. బీపీకి ఇది మరీ వర్తిస్తుంది. నొప్పి ఉండదు, కొలవకపోయినా ఆ రోజుకు ఏమీ కాదు. తొలి నెలలో రోజుకు నాలుగు రీడింగులు, మూడో నెలలో వారానికి ఒకటి, ఆ తర్వాత నోటిఫికేషన్ ఆపేయడం. నిజానికి బీపీ అదుపులోకి వచ్చాక రోజూ కొలవాల్సిన పని కూడా లేదు. డాక్టరును కలిసే ముందు ఒక వారం చాలు. కానీ రోజూ తెరిపించకపోతే యాప్ కంపెనీ లెక్కలు కుదరవు. అందుకే వరుసగా ఇన్ని రోజులు కొలిచారంటూ బహుమతి బొమ్మలు. ఆందోళన స్వభావం ఉన్నవారిలో ఇది గంట గంటకూ కొలిచే అలవాటుగా మారుతుంది, ఆ ఆందోళనే అంకెను పెంచుతుంది.

చేత్తో టైప్ చేసే యాప్‌లలో ఇంకో బలహీనత ఉంది. 152 వస్తే మళ్లీ కొలిచి, 138 వచ్చాక అదే రాసేవారు చాలామంది. మెషిన్ జ్ఞాపకంలోని రీడింగులను రోగుల పుస్తకాలతో పోల్చిన అధ్యయనాల్లో ఇది పదేపదే బయటపడింది. బ్లూటూత్ ఈ లోపాన్ని సరిచేస్తుంది, మరోటి తెస్తుంది: ఇంట్లో ఇంకొకరు అదే మెషిన్‌తో చూసుకుంటే వారి రీడింగు కూడా ఇదే ఖాతాలోకి చేరుతుంది.

డేటా విషయంలో చట్టాల రక్షణ ఎగుడుదిగుడుగా ఉంది. యూరప్‌లో ఆరోగ్య సమాచారానికి ప్రత్యేక రక్షణ ఉంది. అమెరికాలో ఆస్పత్రులకు, బీమా సంస్థలకు వర్తించే ఆరోగ్య గోప్యతా చట్టం, వినియోగదారు సొంతంగా దించుకున్న యాప్‌కు సాధారణంగా వర్తించదు. వినియోగదారుల ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల కంపెనీలకు చేరవేసిందన్న ఆరోపణతో మందుల ధరల యాప్ గుడ్‌ఆర్‌ఎక్స్ మీద 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. బీపీ యాప్‌లో ఉండేది అంకెలే అనిపించొచ్చు. మందుల పేర్లు, నిద్ర లేచే వేళ, బరువు అన్నీ కలిస్తే బీమా కంపెనీకి పనికొచ్చే చిత్రమే తయారవుతుంది.

రీడింగు చూసే పనికి జీతం ఎవరిది

రీడింగు చూసి ఫోన్ చేసే మనిషే అసలు తేడా తెస్తే, ఆ మనిషి సమయానికి ఎవరు చెల్లిస్తారన్నది యాప్ నాణ్యత కంటే పెద్ద ప్రశ్న అవుతుంది. అమెరికాలో ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్, దూర పర్యవేక్షణకు డాక్టర్లకు చెల్లించడం మొదలుపెట్టింది. అయితే ఏళ్లపాటు ఒక షరతు ఉండేది: 30 రోజుల్లో కనీసం 16 రోజులు రీడింగులు చేరాలి. మార్గదర్శకాలకు కావాల్సింది ఒక వారం. బిల్లుకు కావాల్సింది 16 రోజులు. యాప్‌లు దేన్ని బట్టి గంట కొట్టేవో చెప్పనక్కర్లేదు. జపాన్ యాప్‌కే బీమా ఇచ్చింది. చాలా దేశాల్లో ఏ ఏర్పాటూ లేదు, రీడింగు పంపినా డాక్టరు దాన్ని తెరిచి చూసే వేళ ఆయన సొంత ఖాతాలోదే.

అందుకే చాలా యాప్‌ల నిబంధనల్లో ఈ రీడింగులను వైద్య సిబ్బంది నిరంతరం గమనించరన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. అర్ధరాత్రి 182/121 వస్తే స్క్రీన్ ఎర్రబడుతుంది, సర్వర్‌లో నమోదవుతుంది, అవతల ఎవరూ ఉండరు. అలాంటి రీడింగు వచ్చినప్పుడు ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక వైపు బలహీనత, మాట తడబడటం, చూపు మసకబారడం వంటివి ఉంటే మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలని, ఇవేవీ లేకపోతే కొన్ని నిమిషాలు ప్రశాంతంగా కూర్చుని మళ్లీ కొలిచి, అప్పటికీ అంతే ఉంటే డాక్టరును సంప్రదించాలని వైద్య సంస్థలు చెబుతున్నాయి. మందు డోసు సొంతంగా పెంచుకోవడం రెండు సందర్భాల్లోనూ పనికిరాదు.